ఈస్టు లేని అంగాకర్ రొట్టె

రాయ్‌పూర్ పరిసర గ్రామాల అంగాకర్ రొట్టెకు ఈస్టు అవసరం లేదు; పిండి పొంగే దాకా నిరీక్షణా లేదు. అంగారమంటే నిప్పుకణిక. ఆకుల నడుమ, నిప్పులపై కాల్చడం వల్ల ఆ పేరు వచ్చింది. బియ్యప్పిండిలో గ్లూటెన్ ఉండదు కనుక ముద్ద సాగదు, పగులుతుంది. మెదిపి కలిపిన అన్నంలోని గంజి దానిని పట్టి ఉంచుతుంది.

రెండు కప్పుల పిండికి కప్పు అన్నం, ఉప్పు, తగినంత గోరువెచ్చని నీరు చాలు. నగరవాసులు అరటి ఆకులకు ఆలివ్ నూనె రాసి, నడుమ ముద్దను మందంగా తట్టి, పెనంపై సన్నని సెగన ఇరువైపులా కాల్చుకోవచ్చు. నూనె పని ఆకుకు అంటుకోనివ్వకపోవడమే. వేరుశనగ నూనె అయినా సరిపోతుంది, ఖర్చూ తగ్గుతుంది.

రాత్రి మిగిలిన అన్నమైతే ఫ్రిజ్‌లో ఉంచినదై ఉండాలి. బయట నిలవున్న అన్నంలో ఏర్పడగల విషపదార్థం కాల్చినా పోదు.