అకాడమీలు - మన పిల్లల చదువు

నేడు పట్టణములలోని శిక్షణకేంద్రములు పెక్కు 'అకాడమీ' యని పేరు పెట్టుకొనుచున్నవి. అందుచేత, రుసుము గైకొని పరీక్షలకు సిద్ధము చేయు సంస్థయే అకాడమీ యని తల్లిదండ్రులు తలచుటలో వింత లేదు. కాని ఆ మాటకు వేరొక యర్థము కలదు. మన పిల్లల చదువునకు మిక్కిలి సంబంధించినది ఆ యర్థమే.

క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దిలో ఏథెన్సు నగరము వెలుపల, అకడెమస్ అను వీరుని పేర వెలసిన తోటలో ప్లేటో తన శిష్యులకు విద్య గరపెను. ఆ తోట పేరే పిదప విద్యాసంస్థలకు సంక్రమించినది. 1635లో స్థాపితమైన ఫ్రెంచి అకాడమీ తన భాషకు నిఘంటువు కూర్చుటను ప్రధాన కార్యముగా చేపట్టెను. పాఠశాల పిల్లవానికి బోధించును. అట్టి అకాడమీ ఆ బోధనకు వలయు పదములను, గ్రంథములను సమకూర్చును.

మన భాషకు ఇట్టి సేవ చేసిన సంస్థలలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1957లో ఏర్పడినది. హైదరాబాదున తెలుగు అకాడమీ 1968లో స్థాపితమైనది, శ్రీ పి. వి. నరసింహారావుగారు దానికి తొలి అధ్యక్షులు. ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతులకు తెలుగున పాఠ్యగ్రంథములను, శాస్త్రములకు పారిభాషిక పదకోశములను అది ప్రకటించినది. మన మహారాష్ట్రమున 1967లో పుణెలో ఏర్పడిన బాలభారతి తెలుగు పాఠ్యపుస్తకములను సైతము ముద్రించినది.

కరీంనగరము, నల్లగొండ, వరంగల్లు మొదలగు జిల్లాలనుండి భివండీకి వచ్చి మరమగ్గములు నడుపుచున్న కుటుంబములు తెలిసికొనదగిన విషయ మొకటి కలదు. సాహిత్య అకాడమీ ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 'మాండలిక వృత్తిపదకోశము' ప్రకటించెను. 1962 నాటి తొలి సంపుటము వ్యవసాయపదములది. 1971 నాటి రెండవది చేనేతపదములది. పండితులు జిల్లాలు తిరిగి, పనివారి నోట విని ఆ మాటలను సేకరించిరి. పడుగు, పేక, నాడె, కండె అను మన యింటి మాటలు విద్యకు వెలియైనవి కావని దీనివలన తెలియుచున్నది. ఆ అకాడమీ 1983లో రద్దయినను, అది కూర్చిన కోశములు విద్వాంసులకు ఉపయోగపడుచునే యున్నవి.

పదములు స్థిరపడుట యెందులకని కొందరడుగుదురు. మన పిల్లలు పెక్కుమంది పదవ తరగతి పిమ్మట మరాఠీలో గాని ఇంగ్లీషులో గాని చదువవలసినవారు. ఘర్షణ, బలము అను మాటలు తెలుగునను మరాఠీలోను ఒక్కటే. కాని తెలుగు శాస్త్రగ్రంథములలో 'శక్తి' యనునది మరాఠీలో 'ఊర్జా' యగును. మరాఠీలో 'శక్తీ' యన్నచో మన 'సామర్థ్యము'. ఈ భేదము నెరుగని బాలుడు, విషయము తెలిసియు, ప్రశ్న తెలియక పరీక్షలో తప్పును. దోషము తెలుగు చదువుటలో లేదు. రెండు భాషల పదములను జతపరచి చూపకపోవుటలో కలదు.

అకాడమీ గ్రంథములు దూరమున నున్నను, ఆ పని కొంత మన చేతిలోనే యున్నది. ప్రతి విద్యార్థియు ఒక నోటుపుస్తకమున శాస్త్రపదములను తెలుగు, మరాఠీ, ఇంగ్లీషులలో ఎదురెదురుగా వ్రాసికొనవలెను. తల్లిదండ్రులు వారమున కొక్కమారైన దానిని చూపు మని యడుగవలెను. తమకు చదువు రాకున్నను సంకోచింపనక్కరలేదు. సాంచా భాగముల పేర్లు చెప్పి పిల్లలచే వ్రాయించినను చాలును. శిక్షణకేంద్రమున చేర్చదలచినవారు, అచ్చట ఏ భాషలో బోధింతురో, పిల్లవాని కది యర్థమగునో లేదో ముందుగా విచారింపవలెను. పేరునకు ముందు అకాడమీ యను మాట యున్నంత మాత్రమున చదువు రాదు.