యుద్ధం చూసినవాళ్ళ పుస్తకాలు



హైదరాబాదులో అమీర్‌పేట నుంచి మెట్రో రైలెక్కి, మధురానగర్ దాటితే యూసుఫ్‌గూడ వస్తుంది. తెలంగాణ స్పెషల్ పోలీసు మొదటి బెటాలియన్ ఉండేది ఆ పేటలోనే. అందుచేత ఆ చుట్టుపక్కల పెరిగే పిల్లలకు ఖాకీ బట్టలూ, కవాతూ కొత్త కాదు. వాళ్ళు పోలీసులు, సైనికులు కారు. పోలీసులు రాష్ట్ర ప్రభుత్వం కింద పనిచేస్తారు, సైన్యం కేంద్ర ప్రభుత్వం కింద పనిచేస్తుంది. కాని తుపాకి భుజాన వేసుకుని ఒకే అడుగు వేస్తూ పోయే మనుషులను చూసిన పిల్లవాడు ఇంటికి పోయి, "నాన్నా, యుద్ధం అంటే ఎట్లా ఉంటుంది?" అని అడగకుండా ఉంటాడా?

నాన్నకు మాత్రం ఏం తెలుసు! మనలో చాలామంది యుద్ధాన్ని సినిమాలో తప్ప చూడలేదు. సినిమాలో హీరో గుండు తగిలిన తరువాత కూడా నాలుగు నిమిషాలు మాట్లాడుతాడు. అందుకనే చూసినవాళ్ళు రాసినవీ, చూసినవాళ్ళను అడిగి రాసినవీ పుస్తకాలు కొన్ని ఏరి మీకు చెబుతున్నాను.

"చిన్నపిల్లలకు యుద్ధం గొడవ ఎందుకండీ?" అని పెద్దలు కొందరు అంటారు. మన పిల్లలకు అమ్మమ్మలు చెప్పే భారతమే యుద్ధం కథ గదా! అందులో అర్జునుడి బాణాలతో కథ అయిపోలేదు. యుద్ధం ముగిశాక స్త్రీపర్వం అని ఒక పర్వమే ఉంది. చచ్చినవాళ్ళ కోసం తల్లులూ భార్యలూ యుద్ధభూమికి వచ్చి ఏడవడమే అందులోని కథ. యుద్ధం గురించి చెప్పి ఆ ఏడుపు సంగతి చెప్పని పుస్తకం సగం పుస్తకమే అని నా అభిప్రాయం.

మొదట మన బొబ్బిలి సంగతి చూడండి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజు విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. కోట నిలవదని తెలిసిపోయాక లోపలివాళ్ళు తమ ఆడవాళ్ళనూ పిల్లలనూ తామే చంపుకుని, చివరిదాకా పోరాడి చనిపోయారు. ఈ కథ మనకు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి బుర్రకథలూ, జంగం కథలూ చెప్పినది. అందులో తాండ్ర పాపారాయుడు పులిలాగ వచ్చి విజయరామరాజును పొడిచి పగ తీర్చుకుంటాడు. రెండవది రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషువాడు రాసిన చరిత్ర. ఆయన కుంఫిణీ ఉద్యోగి, కేరళ తీరంలో అంజెంగోలో పుట్టినవాడు. ఆయన పుస్తకంలో బొబ్బిలి సైనికులు నలుగురు కోటలో దాక్కుని రాత్రివేళ గోడ దిగి తప్పించుకుంటారు. తరువాత వారిలో ఇద్దరు విజయరామరాజు గుడారంలోకి పాకిపోయి ఆయనను పొడిచి చంపుతారు.

ఓర్మ్ ఆ రోజు బొబ్బిలిలో లేడు. కథ చెప్పిన జంగం కూడా లేడు కాబోలు. మరి ఏది నమ్మాలి? రెండూ చదివి, రెండింటిలోనూ ఉన్నది ఏమిటో, ఒక్కదానిలోనే ఉన్నది ఏమిటో కాగితం మీద రాసుకోండి. ఈ పని చేస్తే ఒక మంచి అలవాటు వస్తుంది. తరువాత ఏ యుద్ధం పుస్తకం తెరిచినా, "ఇది రాసినవాడు అక్కడ ఉన్నాడా? లేకపోతే ఎవరు చెప్పగా రాశాడు? ఎవరు చదవాలని రాశాడు?" అని మీరే అడుగుతారు.

అక్కడ ఉన్నవాళ్ళే రాసిన పుస్తకం ఒకటి ఉంది. కాని అది పుస్తకం అవుతుందని రాసినవాళ్ళకు తెలియదు! 1914లో మొదలైన మొదటి ప్రపంచయుద్ధంలో మన దేశం నుంచి పది లక్షలమందికి పైగా సముద్రాలు దాటి వెళ్ళారు. అరవై వేలమందికి పైగా తిరిగి రాలేదు. హైదరాబాదు నిజాం పంపిన గుర్రపు దళం కూడా అందులో ఉన్నది. ఢిల్లీలో తీన్ మూర్తి అనే చౌరస్తాలో మూడు విగ్రహాలున్నాయి గదా! హైదరాబాదు, జోధ్‌పూర్, మైసూరు సంస్థానాల గుర్రపు దళాలకు గుర్తుగా 1922లో నిలిపినవే అవి.

ఫ్రాన్సు బురదలో ఉన్న మన సిపాయిలు ఇళ్ళకు ఉత్తరాలు రాసేవారు. చాలామందికి చదువు రాదు. అందుచేత ఒకడు చెబితే ఇంకొకడు రాసేవాడు. ఆ ఉత్తరాన్ని ఊరికి పంపేముందు పైఅధికారులు చదివేవారు. సైన్యం రహస్యాలు బయటికి పోతాయేమోనని ఒక భయం, సిపాయిలు దిగులుపడుతున్నారేమోనని ఇంకొక భయం. ముఖ్యమైన భాగాలను ఇంగ్లీషులోకి మార్చి దాచిపెట్టారు. అసలు ఉత్తరాలు చాలావరకు పోయినా, ఆ ఇంగ్లీషు కాగితాలు లండనులో మిగిలాయి. వాటిని ఏరి డేవిడ్ ఒమిస్సీ అనే చరిత్రకారుడు 1999లో "ఇండియన్ వాయిసెస్ ఆఫ్ ది గ్రేట్ వార్" అనే పుస్తకం వేశాడు.

ఇందులో ఉండే చిత్రం ఏమిటంటే, ఉత్తరాన్ని ఎవరో చదువుతారని సిపాయికి తెలుసు. అందుకని వాళ్ళు మారుమాటలు వాడారు. నల్ల మిరియాలంటే మన సిపాయిలు. ఎర్ర మిరియాలంటే తెల్ల సిపాయిలు. ఏ మిరియాలు ఎంత ఖర్చయిపోయాయో, ఏవి ఎంత ఘాటో రాస్తే ఇంటివాళ్ళు అసలు సంగతి గ్రహించేవారు. పాపం, ఆ తెలివి ఉత్తరాలు తనిఖీ చేసే అధికారికి కూడా తెలిసిపోయింది. తెలిసింది గనకనే ఆయన దానిని రాసిపెట్టాడు, ఆయన రాసిపెట్టాడు గనకనే ఇవాళ మనం చదువుతున్నాం! చెప్పినవాడు, రాసినవాడు, భాష మార్చినవాడు, ఏరినవాడు, ఇంతమంది చేతులు దాటి ఆ మాట మన దగ్గరికి వచ్చింది. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నది. పెద్దవాళ్ళు రోజుకు రెండు ఉత్తరాలు చదివి తెలుగులో చెబితే పదేళ్ళవాడికి కూడా అర్థమవుతుంది.

సాహసం కావాలనేవాళ్ళకు ఒక రష్యా పుస్తకం చెబుతాను. బొరీస్ పొలెవోయ్ అనే ఆయన 1946లో రాసిన "ఒక నిజమైన మనిషి కథ". 1942 ఏప్రిల్‌లో అలెక్సీ మరేస్యేవ్ అనే విమాన చోదకుడి విమానాన్ని జర్మన్లు కూల్చివేశారు. పాదాలు చితికిపోయి మంచు అడవిలో పడ్డాడు. పద్ధెనిమిది రోజులు పాకుతూ, దేకుతూ మనవాళ్ళను చేరుకోవాలని బయలుదేరాడు. తినటానికి ఏమున్నది? పుస్తకంలో అతను చీమలను తింటాడు, ముళ్ళపందిని తింటాడు. చివరకు రెండు కాళ్ళూ తీసివేశారు. కొయ్యకాళ్ళతో నడవటం, నాట్యం చేయటం కూడా నేర్చుకుని మరుసటి ఏడు మళ్ళీ విమానం నడిపాడు. ఇది నిజంగా జరిగినదే. కాని పుస్తకంలో పేరు మరేస్యేవ్ కాదు, మెరేస్యేవ్! ఒక్క అక్షరం మార్చి రచయిత, "ఇది నవల సుమా, అన్నీ జరిగినట్టే ఉండవు" అని చెప్పకనే చెప్పాడు. పొలెవోయ్ పత్రికా విలేఖరి. యుద్ధం గెలిచిన దేశంవాడు. కనక ఇందులో ధైర్యం ఎక్కువగానూ, తప్పులు తక్కువగానూ కనిపిస్తాయి. అది గుర్తు పెట్టుకుని చదివితే చాలు. ముళ్ళపంది ఘట్టాన్ని మాత్రం భోజనం ముందు చదవకండి.

ఇక మన ఊరివాడి సంగతి. ఆబిద్ హసన్ హైదరాబాదువాడు. 1911లో పుట్టాడు. జర్మనీలో ఇంజనీరింగు చదువుతుండగా సుభాస్ చంద్రబోసు అక్కడికి వచ్చాడు. హసన్ చదువు వదిలి ఆయన వెంట నడిచాడు. 1943 ఫిబ్రవరిలో ఇద్దరూ జర్మన్ జలాంతర్గామిలో బయలుదేరారు. నీళ్ళ కింద ప్రయాణమంటే సరదా అనుకుంటారేమో! ఇరుకు, నూనె కంపు, నెలల తరబడి అదే గాలి. ఓడలో బియ్యమూ పప్పూ దొరికితే హసన్ కిచిడీ వండాడట. బోసు జర్మన్ అధికారులను కూడా భోజనానికి పిలుస్తూ ఉంటే, సరుకు అయిపోతుందేమోనని హసన్ దిగులుపడ్డాడట. ఈ సంగతి సుగతా బోసు రాసిన "హిజ్ మెజెస్టీస్ అపోనెంట్" అనే జీవితచరిత్రలో ఉన్నది. ఏప్రిల్ 28న మడగాస్కరు దగ్గర, నడి సముద్రంలో, ఎగిరిపడే అలల మీద రబ్బరు పడవలో వాళ్ళు జపాను జలాంతర్గామికి మారారు. "జైహింద్" అనే నినాదం ఆబిద్ హసన్ సూచించినదేనని చెబుతారు.

కాని నేను మిమ్మల్ని చదవమనేది అతని సాహసం కోసం కాదు. 1944లో ఆజాద్ హింద్ ఫౌజు ఇంఫాల్ దాకా వచ్చి గెలవలేక వెనుదిరిగింది. వానలు, మలేరియా, ఆకలి. గెలిచినవాళ్ళ కథలు అందరూ రాస్తారు. ఓడి వెనక్కి నడిచిన మనుషుల గురించి హసన్ చేసిన ప్రసంగాన్ని కలకత్తాలోని నేతాజీ రిసెర్చ్ బ్యూరో "ది మెన్ ఫ్రం ఇంఫాల్" అనే చిన్న పుస్తకంగా వేసింది. వేరు వేరు మతాలవాళ్ళూ, భాషలవాళ్ళూ ఆ దారిలో ఒకరికొకరు ఎట్లా తోడయ్యారో అందులో తెలుస్తుంది. మాట్లాడినవాడు స్వయంగా ఆ దారిన నడిచినవాడు. ఆయన 1984లో కాలం చేశాడు.

ఇంకొక సంగతి మరచిపోకూడదు. అదే ఇంఫాల్ కొండల్లో ఇంగ్లీషువాళ్ళ సైన్యంలో నిలబడినవాళ్ళలో కూడా ఎక్కువమంది మనవాళ్ళే! రెండు పక్కలా మన తల్లుల బిడ్డలే. ఆ రెండవ పక్క తెలుసుకోవాలంటే రఘు కర్నాడ్ రాసిన "ఫార్దెస్ట్ ఫీల్డ్" ఉన్నది. మద్రాసులో అమ్మమ్మగారి ఇంట్లో వెండి చట్రాల్లో ముగ్గురు యువకుల ఫోటోలు ఉండేవి. ముగ్గురూ తమ కుటుంబంవాళ్ళే, ముగ్గురూ రెండవ ప్రపంచయుద్ధంలో పోయారు. వాళ్ళను ఇంట్లో ఎవరూ తలచుకునేవారు కాదు. పెద్దవాడయ్యాక రఘు వాళ్ళ జాడ వెతుక్కుంటూ వెళ్ళి 2015లో ఈ పుస్తకం వేశాడు. ఇది హైస్కూలు దాటినవాళ్ళకు.

మీ ఇంట్లో కూడా అట్లాంటి ఫోటో ఉందేమో చూడండి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. అదే ఏడు బర్మా నుంచి వేలకొద్దీ తెలుగు కుటుంబాలు అడవుల వెంట నడిచి ఇళ్ళకు చేరాయి. ఆ సంగతులు విన్నవాళ్ళు మీ చుట్టాల్లో ఉంటే ఇప్పుడే అడిగి, వాళ్ళ మాటల్లోనే నోటుపుస్తకంలో రాసుకోండి.

చిన్నవాళ్ళకు యుద్ధం పుస్తకం ఏది ఇవ్వాలి అని తల్లిదండ్రులు అడిగితే నేను "రైలుబడి" అంటాను. జపానులో తెత్సుకో కురొయనాగి రాసిన "తొత్తోచాన్"కు తెలుగు పేరు అది. యుద్ధం పుస్తకం కాదే, అంటారా? చదివి చూడండి. పాత రైలుపెట్టెల్లో నడిచే బడి అది. యుద్ధం చప్పుడు లేకుండా అందులోకి వస్తుంది. డబ్బులు వేస్తే మిఠాయి వచ్చే యంత్రం ఖాళీ అవుతుంది. బడిలో అందరికీ ఇష్టమైన నౌకరు సైన్యంలోకి పోతాడు. తొత్తోచాన్ తండ్రి వాయులీన విద్వాంసుడు. ఆయుధాల ఫ్యాక్టరీకి వచ్చి యుద్ధం పాటలు వాయిస్తే చక్కెర, బియ్యం ఇస్తామంటారు. ఇంట్లో అందరూ ఆకలితో ఉన్నారు. అయినా ఆయన వాయించనంటాడు. అక్కడ పుస్తకం మూసి, "మన నాన్న అయితే ఏం చేసేవాడు?" అని ఇంట్లో మాట్లాడుకోండి. చివరకు 1945లో బాంబులు పడి ఆ బడి కాలిపోతుంది.

చివరిగా కార్గిల్. 1999 జూన్ 28న హైదరాబాదువాడైన మేజర్ పద్మపాణి ఆచార్య శత్రువుల బంకరు మీదికి తన దళాన్ని నడిపించి ప్రాణాలు విడిచాడు. ప్రభుత్వం మహావీర చక్రం ఇచ్చింది. ఆయన వయసు ముప్ఫై. భార్య గర్భవతి. పోరుకు ముందు తండ్రికి రాసిన ఉత్తరంలో, పుట్టబోయే బిడ్డకు మంచి గుణాలు అబ్బేటట్టు తన భార్యకు రోజుకొక భారత కథ చెప్పమని కోరాడు. కొండ కింద, పగటి వెలుతురులో కూర్చుని రాసిన ఉత్తరమో, రాత్రి టార్చి వెలుగులో రాసినదో మనకేం తెలుస్తుంది! ఆ యుద్ధంలో సైనికులు ఇళ్ళకు రాసిన ఉత్తరాలను దీక్షా ద్వివేది "లెటర్స్ ఫ్రం కార్గిల్" పేరుతో 2017లో సంకలనం చేసింది. ఆమె తండ్రి కూడా ఆ యుద్ధంలోనే పోయిన మేజరు. ఒకటి చదివి ఒక రోజు ఆగండి. వరసగా చదివితే ఒక ఉత్తరం ఇంకొక ఉత్తరంలో కలిసిపోతుంది, మనిషి మనిషిగా గుర్తుండడు.

తల్లిదండ్రులకు ఒక మాట. రెమార్క్ అనే జర్మన్ రచయిత 1929లో వేసిన "ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్" చాలా గొప్ప నవల. చనిపోయిన కుర్రవాడి బూట్లు ఒకరి తరువాత ఒకరు తొడుక్కోవటం అందులో ఉన్నది. రచయిత ఆ కందకాల్లో ఉండి గాయపడినవాడే. హిట్లరు మనుషులు 1933లో ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. కాని అది పదిహేనేళ్ళు దాటినవాళ్ళ చేతికి ఇవ్వండి. ఇచ్చే ముందు మీరు చదవండి.

ఈ పుస్తకాలు కొనాలంటే ఖర్చు. యూసుఫ్‌గూడ పిల్లలైతే మెట్రోలో అమీర్‌పేట వచ్చి, రైలు మారి, ఎం.జి.బి.ఎస్. దగ్గర దిగితే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం దగ్గరే. 1891లో ఆసఫియా పేరుతో పుట్టిన గ్రంథాలయం అది. చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉంది. ఆదివారం అయితే ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు పరుస్తారు. పెందలాడే పోండి, పెద్దవాళ్ళను వెంట తీసుకుపోండి, అట్ట చిరిగిన పుస్తకమైతే బేరమాడండి.