మీకు తెలుసా? తాను రాసిన చట్టమే అడ్డుపడింది!

అమెరికా సుప్రీంకోర్టు జడ్జిగా ప్రతిపాదించిన మనిషి పేరును మర్నాడే వెనక్కి తీసుకోవాల్సి వస్తే? విలియం ప్యాటర్సన్ విషయంలో అదే జరిగింది.

ఐర్లండ్‌లోని యాంట్రిమ్ కౌంటీలో 1745లో పుట్టిన ప్యాటర్సన్, పసివాడిగా ఉండగానే అమ్మానాన్నలతో అమెరికా చేరాడు. తండ్రి ప్రిన్స్‌టన్‌లో కొట్టు నడిపేవాడు. ప్యాటర్సన్ ఊళ్లోని కాలేజీలోనే చదివి, లాయర్ రిచర్డ్ స్టాక్‌టన్ దగ్గర లా నేర్చుకున్నాడు. అమెరికా విప్లవం రోజుల్లో న్యూజెర్సీకి అటార్నీ జనరల్ అయ్యాడు.

1787లో ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగం రాస్తున్నారు. జనాభాను బట్టే సీట్లు అని పెద్ద రాష్ట్రాల పట్టు. అలాగైతే మా గతేంటి అని చిన్న రాష్ట్రాల తరఫున లేచింది ప్యాటర్సనే. ఒకే సభ, రాష్ట్రానికి ఒక ఓటు అంటూ జూన్ 15న ఆయన పెట్టిన ప్రణాళిక నాలుగు రోజులకే వీగిపోయింది. పట్టు మాత్రం సడలలేదు. చివరికి జులై 16న రాజీ కుదిరింది: కింది సభలో జనాభా లెక్క, సెనేట్‌లో అందరూ సమానం. ఆరు లక్షల మంది కూడా లేని వయోమింగ్‌కూ, నాలుగు కోట్లకు దగ్గరగా ఉన్న కాలిఫోర్నియాకూ నేటికీ చెరి రెండు సీట్లే. మన రాజ్యసభలో అలా కాదు, ఉత్తరప్రదేశ్‌కు 31, ఆంధ్రప్రదేశ్‌కు 11, తెలంగాణకు 7.

ఇక అసలు కథ. 1789లో సెనేటర్‌గా ఉండగా ఫెడరల్ కోర్టులను ఏర్పాటుచేసే చట్టం రాసినవాళ్లలో ప్యాటర్సన్ ఒకడు. దానిలోని తొలి తొమ్మిది సెక్షన్లు ఆయన చేతిరాతే. తర్వాత న్యూజెర్సీ గవర్నరయ్యాడు. 1793 ఫిబ్రవరి 27న అధ్యక్షుడు వాషింగ్టన్ ఆయన్ను సుప్రీంకోర్టుకు ప్రతిపాదించాడు. మర్నాడే నాలుక కరుచుకున్నాడు! సెనేటర్ తన పదవీకాలంలో సృష్టించిన ఉద్యోగంలో, ఆ కాలం పూర్తయ్యేదాకా చేరకూడదని రాజ్యాంగం అంటోంది. ఆ జడ్జి పదవి పుట్టింది ప్యాటర్సన్ రాసిన ఆ చట్టంతోనే. ఆయన సెనేట్‌కు ఎప్పుడో రాజీనామా చేసినా, ఎన్నికైన గడువు ఇంకా నాలుగు రోజులుంది. పేరు వెనక్కి తీసుకుని, మార్చి 4న మళ్లీ పంపాడు. సెనేట్ ఆ రోజే ఒప్పుకుంది. 1806లో చనిపోయేదాకా ఆ పీఠం ఆయనదే.

ఇంకోటి. న్యూజెర్సీలో పసాయిక్ జలపాతం పక్కన కట్టిన పారిశ్రామిక పట్టణానికి, దాని చార్టర్‌పై 1791లో సంతకం పెట్టిన ఈ గవర్నరు పేరే పెట్టారు. ఆ ప్యాటర్సన్ పట్టణానికి తర్వాత పట్టు మిల్లులతో 'సిల్క్ సిటీ' అని పేరొచ్చింది.