వాకిట నిలిచిన గుఱ్ఱము

గుఱ్ఱపు పందెములనగనే మా పాఠకులలో కొందఱు ముఖము చిట్లింతురు. కొందఱు కుర్చీని ముందునకు జరుపుకొందురు. ఉభయులును ఈ వృత్తాంతమును తుదిదాక చదువవలెనని మా మనవి. ఏలన, ఇందు గెలిచినది ఎవ్వరును నమ్మని గుఱ్ఱము; నమ్మకపోవుటకు వారికి గల కారణములును బలమైనవే.

2022వ సంవత్సరము మే 7వ తేదీన అమెరికాలోని కెంటకీ రాష్ట్రమున, లూయివిల్ నగరమందలి చర్చిల్ డౌన్స్ మైదానమున, 148వ కెంటకీ డెర్బీ జరిగెను. మూడేండ్ల మేలుజాతి గుఱ్ఱములు ఒకటింబావు మైలు పరుగిడు ఈ పందెము 1875 నుండి ఏటేట నడచుచున్నది. ఆ యేటి బహుమానపు మొత్తము 30 లక్షల డాలర్లు. ఇరువది గుఱ్ఱములు బరిలో దిగినవి. వానిలో అన్నిటికంటె వెలుపలి గేటునుండి బయలుదేరిన రిచ్ స్ట్రైక్ అను గుఱ్ఱము, జనులందఱు ఎక్కువగా నమ్మిన ఎపిసెంటర్‌ను గుఱ్ఱపు నిడివిలో ముప్పాతిక దూరమున వెనుకవైచి గెలిచినది. దానిపై పందెపు రేటు ఒకటికి ఎనుబది. డెర్బీ చరిత్రలో ఇంతకంటె పెద్ద రేటుతో గెలిచినది ఒక్క డోనెరెయిల్ మాత్రమే. అది 1913 నాటి మాట.

రిచ్ స్ట్రైక్ పుట్టినది కాల్యుమెట్ అను పేరుమోసిన అశ్వక్షేత్రమున. కాని 2021 సెప్టెంబరులో దానిని ఒక క్లెయిమింగ్ పందెమున పరుగిడించిరి. ఈ పద్ధతి మనవారికి వింతగా తోచును. అట్టి పందెములో పరుగిడు ప్రతి గుఱ్ఱమును ముందుగ ప్రకటించిన వెలకు అమ్మకమునకు పెట్టినట్లే. కొనదలచినవాడు పందెమునకు ముందే పైకము కట్టవలెను. గెలిచినను ఓడినను గుఱ్ఱము వానిదే. సంతలో పళ్లు పట్టి చూచి, సుడులు లెక్కించి, నాలుగడుగులు నడిపించి గాని కోడెకు బేరమాడని మన రైతు ఇట్టి కొనుగోలునకు ఒప్పుకొనునా యని మా సందేహము. ఎరిక్ రీడ్ అను శిక్షకుడు, రిక్ డాసన్ అను యజమానుని పక్షమున, 30 వేల డాలర్లు కట్టెను. ఆనాటి పందెమున ఆ గుఱ్ఱము పదునేడు నిడివులకు పైగా ముందు వచ్చి గెలిచినది! అమ్మినవారి మనస్సెట్లుండెనో మేము ఊహింపగలము. ఐనను, వారు చింతింపవలసిన పని లేదని తరువాతి నెలలు తోపించెను. ఆ పిమ్మట ఐదు పందెములు. ఒక్క గెలుపును లేదు.

డెర్బీలో ఇరువదింటికి మించి చోటు లేదు. అంతకు ముందు జరుగు పందెములందు సంపాదించిన పాయింట్లనుబట్టి ఆ చోట్లు దొరకును. రిచ్ స్ట్రైక్ ఆ ఇరువదింటిలో లేదు. ఎవరైన విరమించుకొన్నచో పిలువదగిన నిరీక్షణ జాబితాలో నుండెను. శుక్రవారముదయము తొమ్మిది గంటలకు గడువు. ఆ గడువు తీఱ వచ్చిన సమయమున ఎథీరియల్ రోడ్ అను గుఱ్ఱమును దాని శిక్షకుడు విరమింపజేసెను. వాకిట నిలిచినది లోనికి వచ్చినది. పందెమునకు మిగిలినది ఒక్క దినము.

ఇది యదృష్టము గాక మఱేమని పాఠకులడుగవచ్చును. అంతవఱకు అదృష్టమే. కాని పిలుపు వచ్చునో రాదో తెలియని పందెమునకు, వచ్చునన్నట్లే, గుఱ్ఱమును దినదినము సిద్ధపఱచుచు వచ్చినవాడొకడుండెను గదా! చోటు దొరకదని తలచి వాడు సాధన సడలించియుండినయెడల, శుక్రవారమునాటి అవకాశము ఎవరికి అక్కఱకు వచ్చెడిది?

ఇక పరుగు మాట. సమ్మర్ ఈజ్ టుమారో, క్రౌన్ ప్రైడ్ అను రెండు గుఱ్ఱములు పోటీపడి ముందునకు దూకినవి. మొదటి పావుమైలు 21.78 సెకండ్లలో గడచినది. డెర్బీలో అంతటి వేగము మునుపెన్నడును లేదు. అరమైలు 45.36 సెకండ్లలో ముగిసినది. ఈ అంకెను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఏలన, అదే పందెపు కడపటి అరమైలునకు 52 సెకండ్లకు పైగా పట్టినది. ముందున్నవన్నియు మొదటనే సత్తువను ధారపోసి చివరకు కాళ్లీడ్చుచుండెను. రిచ్ స్ట్రైక్ ఆ తొందరలో పాలుగొనలేదు. ఒక దశలో అది పదునెనిమిదవది. రౌతు సోనీ లియోన్ దానిని లోపలి కంచెవైపునకు మెల్లమెల్లగ చేర్చి, మలుపులో ఒక్కొక్కదానినే దాటించుచు వచ్చెను. అలసి అడ్డుపడిన మెస్సియర్ అను గుఱ్ఱమును వెలుపలినుండి చుట్టి, మరల కంచెను పట్టెను. ఎపిసెంటర్, జాండన్ ఒకదానినొకటి చూచుకొని పెనగులాడుచుండగా, వానికి లోపలివైపున మూడవది దూసికొనిపోయినది. మొత్తము కాలము 2 నిమిషముల 2.61 సెకండ్లు.

కేవలాదృష్టమన నెట్టిదో చూడగోరువారు ఇంగ్లండులోని ఎయిన్‌ట్రీ మైదానమునకు పోవలెను. 1967 నాటి గ్రాండ్ నేషనల్ పందెమున, రౌతు లేక పరుగెత్తుచున్న ఒక గుఱ్ఱము 23వ దడికి అడ్డముగ తిరుగగా, వెనుకవచ్చినవన్నియు కుప్పగా నిలిచిపోయెను. ఎంతో వెనుకబడియుండిన ఫోయినావన్ ఆ గందరగోళమును తప్పించుకొని దడి దాటి గెలిచినది. రేటు ఒకటికి నూఱు. నేడు ఆ దడికి దాని పేరే. ఫోయినావన్‌కు ఇతరులు దారి వదలిరి; రిచ్ స్ట్రైక్‌కు ఇతరుల తొందర అక్కఱకు వచ్చెను గాని, దారిని అది స్వయముగ వెదకికొనవలసివచ్చెను. ఈ భేదమును గమనింపక రెంటిని ఒకే గాట కట్టుట న్యాయము గాదు.

గెలిచినవారిని గూర్చియు రెండు మాటలు. 2016 డిసెంబరులో లెక్సింగ్టన్ సమీపమున రీడ్ గారి శిక్షణశాలలో అగ్నిప్రమాదము సంభవించి ఇరువదిమూడు గుఱ్ఱములు మరణించెను. వృత్తినే విడిచివేయుదునా యని నాడు తలపోసినట్లు ఆయనయే తరువాత చెప్పెను. లియోన్ వెనిజులా దేశస్థుడు; పెద్ద మైదానములు ఎఱుగక, చిన్న పందెములలో స్వారి చేయుచు వచ్చినవాడు. డెర్బీ వారికి క్రొత్త.

ఆనాడు రిచ్ స్ట్రైక్‌పై రెండు డాలర్ల టిక్కెట్టు కొన్నవారికి 163 డాలర్ల 60 సెంట్లు ముట్టెను. ఈ అంకెను చూచి మనస్సు చలించువారుందురని మే మెఱుగుదుము. అచ్చట పందెపు సొమ్మంతయు ఒక రాశిగ చేరును. నడుపువారు తమ భాగమును ముందే తీసికొందురు. మిగిలినది గెలిచినవారు పంచుకొందురు. కావున ఎనుబది యను రేటు గుఱ్ఱపు సత్తువను తెలుపదు; దానిని ఎంత తక్కువమంది నమ్మిరో మాత్రమే తెలుపును. గిండీకిని మలకపేటకును పోవు మన మిత్రులు, మద్రాసు రేసుక్లబ్బు వ్యాజ్యెమున 1996లో సర్వోన్నత న్యాయస్థానము గుఱ్ఱపు పందెమును ప్రధానముగ నైపుణ్యపు క్రీడయని తీర్మానించినదని చెప్పుచుందురు. ఆ తీర్పును మేము కాదనము. కాని నైపుణ్యము గలవారే, వంశములు విచారించి, పాత పరుగులు లెక్కించి, ఆనాడు రిచ్ స్ట్రైక్‌ను ఇరువదింటిలోను అట్టడుగున నిలిపిరి. పంటసొమ్ము మూటగట్టి బయలుదేరువారు డోనెరెయిల్‌కును రిచ్ స్ట్రైక్‌కును నడుమ నూటతొమ్మిదేండ్లు గడచెనని తెలిసికొని బండి యెక్కుదురుగాక.

రెండు వారములకు ప్రీక్‌నెస్ పందెము వచ్చెను. డెర్బీ గెలిచిన గుఱ్ఱమును అందు దింపుట ఆచారము. మూడు కిరీటముల యాశ అట్టిది. యజమానుడు మాత్రము గుఱ్ఱమునకు విశ్రాంతి వలయునని పంపలేదు. పలువురు తప్పుపట్టిరి. మాకు అది మెచ్చదగినదిగనే తోచినది. జూనులో బెల్‌మాంట్ పందెమున అది ఆఱవదిగా వచ్చెను. డెర్బీ పిమ్మట మఱి యే పందెమును గెలువలేదు. గెలుపునకు మిక్కిలి చేరువగ వచ్చినది ఆ యేటి అక్టోబరు 1వ తేదీన, చర్చిల్ డౌన్సునందే, లూకాస్ క్లాసిక్ అను పందెమున. హాట్ రాడ్ చార్లీకి వెనుక, ఒక తల వాసిలో.