తెలుగు పరిశోధనపత్రం: డి.టి.పి. కేంద్రం నుండి పరిశోధన పత్రిక దాకా

వ్యాససంగ్రహం:
పత్రం అచ్చయితే ప్రచురణ పూర్తయినట్లే అన్న భావన తెలుగు పరిశోధనరంగంలో బలంగా ఉంది. మరొక పరిశోధకుడు ఆ పత్రాన్ని వెదికి పట్టుకొని, ఆధారాలను సరిచూసి, అవసరమైతే ఖండించగలిగినప్పుడే అది ప్రచురణ అవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాల నేపథ్యంలో లిపిసంకేతాలు, సారూప్య పరీక్ష, పత్రిక ఎంపిక, మూలాల నమోదు ఇందులో చర్చించబడ్డాయి.

కీలకపదాలు: పరిశోధనపత్రం, యూనికోడ్, అను ఫాంట్లు, గ్రంథచౌర్యం, సమీక్ష.

1. ఉపోద్ఘాతం

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉదయం పూట కుర్చీ దొరకడం కష్టం. అక్కడ చదువుకొనేవారిలో ఎక్కువమంది పోటీపరీక్షల అభ్యర్థులు. వారిని ఆశ్రయించుకొనే అశోక్‌నగర్ సందుల్లో శిక్షణ కేంద్రాలు, జిరాక్సు దుకాణాలు, పుస్తకాల అంగళ్లు పెరిగాయి. పరిశోధక విద్యార్థికి కావలసిన డి.టి.పి., బైండింగు పనులు కూడా ఇటువంటి దుకాణాలలోనే జరుగుతాయి. చేతిరాత ప్రతితో నారాయణగూడ దాకా నడిచి, మూడు నాలుగు ప్రూఫులు దిద్ది, అట్టమీద బంగారురంగు అక్షరాలతో సిద్ధాంతగ్రంథాన్ని ఇంటికి తెచ్చుకోవడంతో ఒకప్పుడు పని ముగిసేది. ఇప్పుడు అసలు పని అక్కడే మొదలవుతున్నది.

2016 నాటి యు.జి.సి. నిబంధనలు సిద్ధాంతగ్రంథ సమర్పణకు ముందు కనీసం ఒక పత్రం ప్రచురించాలన్నాయి. 2022 నిబంధనలు ఆ నిర్బంధాన్ని తొలగించాయి. అయినా ఉద్యోగానికి, పదోన్నతికి పత్రాలు లెక్కకు వస్తూనే ఉన్నాయి. 2019లో అమలులోకి వచ్చిన యు.జి.సి. కేర్ పత్రికల జాబితా 2025 ఫిబ్రవరిలో రద్దయింది. మంచి పత్రిక ఏదో తేల్చే పని ఇప్పుడు విద్యాసంస్థల మీద, చివరికి పరిశోధకుని మీద పడింది.

2. కనిపించని అక్షరాలు

పత్రికకు పంపిన పత్రం మొదట తిరిగివచ్చేది చాలాసార్లు విషయలోపం వల్ల కాదు, ఫాంటు వల్ల. డి.టి.పి. కేంద్రాలలో పేజ్‌మేకర్, అను ఫాంట్ల వాడుక దీర్ఘకాలంగా స్థిరపడింది. అచ్చుకు అవి అందమైనవే. ఆ అక్షరాల పొందిక యూనికోడ్ ఫాంట్లకు చాలాకాలం రాలేదన్నది కూడా ఒప్పుకోవలసిన మాట. అయితే అను ఫాంటులో కంప్యూటరు భద్రపరిచేది తెలుగు అక్షరాన్ని కాదు. తలకట్టు, గుడి, ఒత్తు వంటి ముక్కల ఆకృతులను ఆంగ్లాక్షరాలకు కేటాయించిన స్థానాలలో ఉంచుతుంది. అందుకే ఆ ఫాంటు లేని యంత్రంలో ‘ప్రబంధం’ అన్న మాట అర్థంలేని రోమను గుర్తుల వరుసగా కనిపిస్తుంది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం దక్కింది. అందులో ప్రతి అక్షరానికీ, ప్రతి గుణింతపు గుర్తుకూ ప్రపంచమంతా ఒకే సంఖ్య ఉంటుంది.

పరిశోధనకు ఈ భేదం ప్రాణసమానమైనది. అను ఫాంటులో కూర్చి పి.డి.ఎఫ్. చేసిన పత్రం కంటికి తెలుగే, వెదుకులాట యంత్రానికి కాదు. ‘శోధ్‌గంగ’లో చేరిన సిద్ధాంతగ్రంథమైనా, అంతర్జాలంలో ఉంచిన సంచిక అయినా, ఆ రూపంలో ఉంటే లోపలి మాటతో వెదికినవారికి దొరకదు. అదే విషయంమీద మరొకరు మళ్ళీ పరిశోధన చేస్తారు. ఆ తప్పు రెండవవారిది మాత్రమే అనలేము.

మార్పిడి ఉపకరణాలతో అను పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. కానీ మారిన పాఠాన్ని యథాతథంగా పంపరాదు. ఒత్తులు స్థానం తప్పుతాయి, మధ్యలోని ఆంగ్లపదాలు తెలుగు ముక్కలుగా మారిపోతాయి, విరామచిహ్నాలు చెదురుతాయి. పద్యాల విషయంలో అరసున్న, శకటరేఫ ఉన్నచోట ఉన్నాయో లేదో మూలంతో పోల్చి చూడాలి. ఒక్క అక్షరం జారితే గణం చెడుతుంది. అప్పుడు సమీక్షకుడు ఛందోదోషాన్ని కవికి అంటగట్టాలో, పరిశోధకునికి అంటగట్టాలో తెలియక ఇబ్బంది పడతాడు.

3. సారూప్య శాతం

గ్రంథచౌర్య నివారణకు యు.జి.సి. 2018లో చేసిన నిబంధనల ప్రకారం పది శాతం వరకు సారూప్యానికి శిక్ష లేదు. 10 నుండి 40 వరకు, 40 నుండి 60 వరకు, 60కి పైన అని మూడు స్థాయిలు ఉన్నాయి. మూలం పేర్కొన్న ఉద్ధరణలను ఈ లెక్కలో చేర్చరు. వరుసగా పద్నాలుగు పదాల వరకు కాకతాళీయంగా కలిసినా పట్టించుకోనక్కరలేదు.

ఈ పద్నాలుగు పదాల కొలత ఆంగ్లానికి సరిపోతుందేమో గాని తెలుగుకు పొసగదు. విభక్తులు, క్రియారూపాలు, సమాసాలు పదంలోనే కలిసిపోయే మన భాషలో పద్నాలుగు పదాలంటే రెండు నిండు వాక్యాలు. వేమన పద్యం ఒకటి మకుటంతో సహా పదిహేను పదాలకు అటూఇటూగా ముగుస్తుంది. అంటే ఇతరుల వాదాన్ని వాక్యం చొప్పున ఎత్తి రాసినా లెక్కకు చిక్కకపోవచ్చు. అను ఫాంటు పి.డి.ఎఫ్.లోని పాఠాన్ని తెలుగుగా చదవలేని ఉపకరణం ‘సున్న శాతం’ చూపితే అది నిజాయితీకి ధ్రువపత్రం కాదు. ఆ పత్రాన్ని ఎవరూ పరీక్షించలేదనడానికి సాక్ష్యం.

4. పత్రిక, సమీక్ష

ఐ.ఎస్.ఎస్.ఎన్. అన్నది ధారావాహిక ప్రచురణలకు ఇచ్చే ఎనిమిది స్థానాల గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యతకు ముద్ర కాదు. పత్రం చదవకముందే రుసుము అడిగి, మూడురోజుల్లో ఆమోదపత్రం పంపే చోట సమీక్ష జరగలేదని వేరే చెప్పనక్కరలేదు. సంపాదకవర్గంలోని వారి పేర్లు వారి విద్యాసంస్థల పుటల్లో కూడా ఉన్నాయా, పాత సంచికలు ఇప్పటికీ తెరుచుకుంటున్నాయా అన్నవి చూస్తే చాలావరకు తెలుస్తుంది.

తెలుగు పరిశోధకుల లోకం చిన్నది. ‘మా గురువుగారి పర్యవేక్షణలో’ అన్న ఒక్క మాటతో, లేదా ఫైలు వివరాలలో మిగిలిన పేరుతో, రచయిత ఎవరో సమీక్షకునికి తెలిసిపోతుంది. అజ్ఞాత సమీక్ష నిలవాలంటే వీటిని ముందే తొలగించాలి. సమీక్షకుని అభ్యంతరాలకు కృతజ్ఞతలు మాత్రమే రాసి ఊరుకోకుండా, దేనిని ఎక్కడ సవరించారో, దేనిని ఎందుకు అంగీకరించలేదో పేరా సంఖ్యలతో తెలపడం అవసరం.

5. మూలాల నమోదు

చిక్కడపల్లికి దూరంకాని సుల్తాన్‌బజారులో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో వెలసింది. దాని స్థాపకులలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు పేరిట నడిచిన పరిశోధకమండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ ప్రచురించింది. శాసనాలను గురించి వ్యాఖ్యానించడంతో ఆగక శాసనపాఠాన్నే అచ్చువేయడం ఆ పనిలోని విశేషం. పాఠం ముందుంటే సంపాదకుని నిర్ణయాలతో విభేదించే అవకాశం పాఠకునికి మిగులుతుంది.

ఇప్పటి పత్రాలలో ‘భారతి, 1930’ అని మాత్రమే ఉన్న సూచిక ఆ అవకాశాన్ని ఇవ్వదు. నెల, సంచిక, పుట లేకపోతే అది ఆధారం కాదు, జ్ఞాపకం. ముద్రితప్రతిని చూశారా, ప్రెస్ అకాడమీ డిజిటల్ ప్రతిని చూశారా, మరొకరి వ్యాసంలోని ఉద్ధరణనే తీసుకున్నారా అన్నది కూడా చెప్పాలి. గ్రంథాలయంలో కూర్చున్నప్పుడే ముఖపత్రాన్ని, ఉదాహరించబోయే పుటను ఫోటో తీసుకొని, సంచిక వివరాలు పక్కన రాసుకోవడం మేలు. డి.టి.పి. కేంద్రం నుండి వచ్చేటప్పుడు పి.డి.ఎఫ్.తో పాటు యూనికోడ్ ఫైలును కూడా అడిగి తీసుకొని, అందులో ఒక తెలుగు పదాన్ని వెదికి చూసిన తరువాతే డబ్బు చెల్లించాలి.