గాజు తొట్టెలో సముద్రం: చేప ఓర్చినా రొయ్య ఓర్చదు

తిరువళ్లూరు దాటి తిరుత్తణి వైపు వెళ్తుంటే వచ్చే పాండూరులో అలల చప్పుడు వినిపించదు. దగ్గర్లోని పూండి జలాశయంలో ఉన్నవి మంచినీళ్లు. 1944లో కట్టిన ఆ జలాశయానికి 1996 నుంచి తెలుగు గంగ కాలువ మీదుగా కృష్ణమ్మ కూడా వస్తోంది. ఇలాంటి చోట ఉప్పునీటి ఆక్వేరియం పెట్టాలంటే సముద్రాన్ని ఇంట్లోనే కలుపుకోవాలి. ఆ కలపడం సరిగ్గా కుదిరిందో లేదో ముందుగా చెప్పేవి చేపలు కావు. రొయ్యలు, నత్తలు, పీతలు. మరి ఈ సంగతులు మీకు తెలుసా?

కల్లుప్పుతో సముద్రం రాదు
లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులో మెగ్నీషియం దాదాపు 1,300 మిల్లీగ్రాములు, కాల్షియం దాదాపు 400. ఉప్పుమడిలో నీరు ఇంకుతున్నకొద్దీ ముందు జిప్సం అడుగున చేరుతుంది, ఆ తర్వాత మనం తినే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం మాత్రం చివర మిగిలే చేదు నీళ్లలో ఉండిపోతుంది. అందుకే కల్లుప్పు ఎంత కలిపినా నాలుకకు ఉప్పగా ఉంటుందే తప్ప, నత్త గుల్లకూ రొయ్య పెంకుకూ కావలసిన సరుకు అందులో ఉండదు. ఆక్వేరియం కోసం తయారుచేసిన సముద్రపు ఉప్పునే ఆర్‌వో నీళ్లలో కలపాలి.

ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు
100 లీటర్ల తొట్టెలో 5 లీటర్లు ఆవిరైతే లవణీయత 35 నుంచి దాదాపు 36.8కి చేరుతుంది. తిరువళ్లూరు మే ఎండల్లో అంత నీరు పోవడానికి ఎన్నాళ్లో పట్టదు. మొదటిరోజు నీటిమట్టం దగ్గర అద్దం మీద చిన్న టేపు ముక్క అంటించి, రోజూ ఆ గీత దాకా మంచినీళ్లే పోయాలి. ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు మీద ఉప్పు చేరుతుంది.

మండపీతకు చెల్లింది నక్షత్ర చేపకు చెల్లదు
మన జిల్లా అంచునే ఉన్న పులికాట్ సరస్సు వానాకాలంలో కొన్నిచోట్ల దాదాపు మంచినీరవుతుంది, ఎండాకాలంలో సముద్రాన్ని మించి ఉప్పెక్కుతుంది. ఒంట్లో లవణాలను సర్దుకోగలదు కాబట్టి మండపీత రెండింటినీ తట్టుకుంటుంది. సముద్రపు చేపలు కూడా ఉప్పునీరు తాగి, అదనపు ఉప్పును మొప్పల ద్వారా బయటికి పంపేస్తాయి. నక్షత్ర చేపకు ఆ ఏర్పాటు లేదు. బయట నీరు ఎలా ఉంటే దాని ఒళ్లూ అలాగే మారుతుంది. అందుకే కొత్తగా తెచ్చిన జీవిని సంచీలోంచి నేరుగా తొట్టెలో గుమ్మరించకూడదు. దాన్ని బకెట్లో ఉంచి, సన్నటి గాలిగొట్టానికి వదులుగా ముడివేసి, తొట్టె నీరు సెకనుకు రెండు మూడు చుక్కల చొప్పున పడేలా చూడాలి. బకెట్లో నీరు రెండు మూడింతలయ్యేదాకా తొందర పనికిరాదు.

అదే అమ్మోనియా, ఇక్కడ ఎక్కువ విషం
పీహెచ్ ఒక అంకె పెరిగితే అమ్మోనియాలో విషపు పాలు సుమారు పది రెట్లవుతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 దాకా ఉంటుంది. అందుకే మంచినీటి తొట్టెలో చెల్లిపోయే అమ్మోనియా ఇక్కడ ప్రాణం తీస్తుంది. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నీళ్లు తేటగా కనిపించినంత మాత్రాన తొట్టె సిద్ధమైనట్టు కాదు. నెల్లూరు రొయ్య రైతు పీహెచ్‌తోపాటు అమ్మోనియా కూడా కొలిపించేది ఇందుకే.

ఒంట్లో రాగి ప్రాణం, నీటిలో రాగి విషం
పీతల, రొయ్యల రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోసయనిన్‌లో ఉండేది రాగి. గాలి సోకితే ఆ రక్తం నీలంగా మారుతుంది. అదే రాగి నీటిలో కలిస్తే, చేపలకు మందుగా వాడే కొద్దిపాటి మోతాదు కూడా పీతలనూ రొయ్యలనూ చంపేస్తుంది. పైగా రాళ్లూ ఇసుకా రాగిని పీల్చుకుని, ఆ తర్వాత మెల్లగా వదులుతాయి. మచ్చల జబ్బు వచ్చిన చేపకు రాగి మందు వేయాలంటే దాన్ని వేరే తొట్టెలోకి మార్చాల్సిందే. నీళ్లు పోయడానికి రాగి చెంబు, ఇత్తడి బిందె కూడా పనికిరావు.

చచ్చిపోయిందనుకున్న రొయ్య
తెల్లారేసరికి అద్దం పక్కన మీసాలతో, కాళ్లతో సహా పారదర్శకంగా ఒక రొయ్య పడి ఉంటుంది. చేత్తో తీసి చూస్తే లోపల ఏమీ ఉండదు. అది విడిచిన పెంకు. అసలు రొయ్య కొత్త పెంకు గట్టిపడేదాకా రాళ్ల చాటున దాక్కుంటుంది. అమావాస్యకూ పౌర్ణమికీ పెంకు విడుస్తాయని రొయ్య రైతులు ఆ రోజుల్లో మేత తగ్గిస్తారు. పెంకు సగం విడిచి చనిపోతుంటే మాత్రం లవణీయతలో కుదుపులు వచ్చాయేమో, కాల్షియం, మెగ్నీషియం తగ్గాయేమో చూడాలి.

వేడెక్కితే ఊపిరాడదు
25 డిగ్రీల దగ్గర సముద్రపు నీరు మంచినీటికంటే సుమారు 18 శాతం తక్కువ ఆక్సిజన్‌ను పట్టుకోగలదు. వేడి పెరిగేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది. తొట్టె మీదికి చిన్న ఫ్యాను తిప్పితే నీరు చల్లబడుతుంది, కానీ ఆవిరీ పెరుగుతుంది. ఫ్యాను పెట్టిన ఇంట్లో టేపు గీతను మరింత శ్రద్ధగా చూసుకోవాలి.

పగడం తెస్తే నేరం
రాతి పగడాలు, సముద్ర దోసకాయలు 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. మన సముద్రంలోంచి వాటిని తీయడం, అమ్మడం, కొనడం నేరం. చెన్నై కొళత్తూరు దుకాణాల్లో ఏది కొన్నా అది ఎక్కణ్ణుంచి వచ్చిందో అడిగి కొనాలి.

ముందెవరు, వెనకెవరు?
అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగి, అద్దానికి కాస్త పాచి పట్టాక మొదట రావలసినవి పాచి తినే నత్తలు. వాటికి తిండి ఆ పాచే. ఆ తర్వాత శంఖంలో కాపురముండే చిన్న పీతలు, ఆపైన రొయ్యలు. నక్షత్ర చేపను మాత్రం ఆరునెలలు, వీలైతే ఏడాది ఆగి తేవాలి. నత్త అద్దం ఎక్కకుండా రోజుల తరబడి అడుగునే ముడుచుకుని ఉంటే, తర్వాతి జీవి కోసం దుకాణానికి వెళ్లేముందు నీళ్లు పరీక్షించండి.