వెనక మోత వస్తే క్రౌన్ పోయినట్టేనా?

కారు వెనక నుంచి మోత మొదలైందంటే చాలు, ‘క్రౌన్ పినియన్ పోయింది, సెట్టు మార్చాల్సిందే’ అనే తీర్పు వచ్చేస్తుంది. అమెరికాలో పాత ఫోర్డ్ మస్టాంగ్ కొనుక్కున్న మన కుర్రాళ్లకూ ఇదే మాట, ఇక్కడ బొలేరో నడిపేవాళ్లకూ ఇదే మాట. ఎంత ఖర్చవుతుందని అందరూ అడుగుతారు గానీ, ఆ తీర్పు నిజమో కాదో ఎలా తేల్చుకున్నారని అడిగేవాళ్లు తక్కువ. నూనె తగ్గకుండా చూసుకుంటే వెనక యాక్సిల్‌లోని ఈ పళ్ల చక్రాల జత, అంటే పెద్దదైన క్రౌన్, దాన్ని తిప్పే చిన్న పినియన్, ఏళ్ల తరబడి నిలుస్తాయి. అనుమానం వాటి మీదికి ఆఖరున వెళ్లాలి.

మస్టాంగ్‌నే తీసుకుందాం. 1986 నుంచి 2014 దాకా వచ్చిన వి8 మస్టాంగ్‌లలో ఎక్కువ వాటికి వెనక ఉన్నది ఫోర్డ్ వారి 8.8 అంగుళాల యాక్సిల్. ఆ అంకె క్రౌన్ వ్యాసం. పినియన్ సరిగ్గా క్రౌన్ మధ్యకు కాకుండా కాస్త కిందికి కూర్చుంటుంది. దీన్నే హైపాయిడ్ అమరిక అంటారు. 1926లో ప్యాకర్డ్ కార్లతో వాడుకలోకి వచ్చింది. ఇందులో పళ్లు దొర్లడంతో పాటు ఒకదాని మీద ఒకటి జారతాయి. అందుకే దీనికి మామూలు నూనె పనికిరాదు, హైపాయిడ్ గేర్ ఆయిలే పోయాలి.

పానా పట్టే ముందు రోడ్డు మీద మూడు పరీక్షలు చేయండి. మొదటిది టైరుకు. గరుకు రోడ్డు నుంచి నున్నటి తారు రోడ్డు మీదికి రాగానే మోత మారిపోతే అది టైరుదే. ముందు టైర్లు వెనక్కీ వెనకవి ముందుకీ మార్చితే మోత కూడా చోటు మారుతుంది. రెండోది పెడల్‌కు. ఒకే వేగం దగ్గర యాక్సిలరేటర్ తొక్కి, తేలిగ్గా పట్టి, పూర్తిగా వదిలి వినండి. తొక్కినప్పుడు ఊళ వేసి వదలగానే ఆగినా, వదిలినప్పుడు మాత్రమే మొదలైనా పళ్ల మీద అనుమానం పెట్టుకోవచ్చు. పెడల్‌తో ఏమీ మారని రొద చక్రం బేరింగ్‌దో టైరుదో అయి ఉంటుంది. మూడోది మలుపుకు. ఎడమకు తిప్పితే బరువు కుడి చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడి బేరింగ్ చూడాలి.

పళ్ల ఊళను పట్టుకోవడానికి సంగీతం తెలిసిన చెవిని మించిన పరికరం లేదు. లెక్క వేసి చూడండి. 3.55 రేషియో ఉన్న యాక్సిల్‌లో క్రౌన్‌కు 39 పళ్లు, పినియన్‌కు 11. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో 27 అంగుళాల టైరు సెకనుకు 10 చుట్లకు కాస్త పైగా తిరుగుతుంది. చుట్టుకు 39 పళ్లు కాబట్టి సెకనుకు దాదాపు 400 తాకిళ్లు. అది 400 హెర్ట్జ్ స్వరం, ఐదు శ్రుతిలో పాడే గాయని అందుకునే తారస్థాయి షడ్జానికి బాగా దగ్గర. వేగం 40కి దిగితే స్వరం 200 హెర్ట్జ్, అంటే అదే షడ్జం ఒక స్థాయి కింద. 40ని ఆధార షడ్జం అనుకుంటే 50 దగ్గర అంతర గాంధారం, 60 దగ్గర పంచమం, 80 దగ్గర పై షడ్జం పలుకుతాయి. వేగం మారకుండా గేరు మార్చి చూడండి, ఈ స్వరం కదలదు. పినియన్ గేర్‌బాక్స్‌కు అవతల, చక్రాల వేగాన్ని పట్టుకుని తిరుగుతుంది కదా. ఇంజన్ మోత అయితే గేరు మారగానే మారిపోతుంది. చెవి మీద నమ్మకం లేనివాళ్లు స్వరం కొలిచే ఫోన్ యాప్ వాడుకోవచ్చు. నడిపేవాళ్లు కాకుండా పక్కన కూర్చున్నవాళ్లు చూడాలి.

బేరింగ్‌కు అలాంటి శ్రుతి నిలవదు. గరగరమంటుంది, గుర్రుమంటుంది. పినియన్ బేరింగ్ చక్రం కన్నా మూడున్నర రెట్లు వేగంగా తిరుగుతుంది కాబట్టి దాని రొద సన్నగా, గట్టిగా ఉంటుంది. పినియన్ సీలు మార్చిన కొద్దికాలానికే మోత మొదలైతే నట్టు అతిగా బిగించి బేరింగ్‌ను నొక్కేశారేమో అడగండి. 8.8 యాక్సిల్‌లో చక్రం బేరింగ్ రోలర్లు నేరుగా షాఫ్టు మీదే తిరుగుతాయి, మధ్యలో లోపలి రింగు ఉండదు. బేరింగ్ పాడైతే షాఫ్టు కూడా అరుగుతుంది. షాఫ్టు బయటికి లాగి తుడిచి, రోలర్లు తిరిగే చోట గోరు పెట్టి గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే కొత్త బేరింగ్ ఒక్కటే వేసి లాభం లేదు.

పార్కింగ్‌లో మెల్లగా తిప్పుతున్నప్పుడు వెనక దడదడమంటే భయపడకండి. ట్రాక్షన్ లాక్ (ఫోర్డ్ వారి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) ఉన్న కార్లలో లోపలి క్లచ్ ప్లేట్లు పట్టి వదిలే చప్పుడది. నూనె మార్చినప్పుడు 4 ఔన్సుల ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపడం మరిచిపోతే ఇలాగే వస్తుంది. అది పోసి ఖాళీ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా తిప్పితే చాలాసార్లు సర్దుకుంటుంది. సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లు తీసేసి గట్టి పాలీయురెథేన్ వేయించుకున్నవాళ్లకు మరో సంగతి. ఎప్పటినుంచో ఉన్న చిన్న ఊళను ఇన్నాళ్లూ రబ్బరు మింగేసింది. ఇప్పుడది క్యాబిన్‌లోకి వస్తోంది.

చిక్కటి నూనె పోస్తే మోత పోతుందన్నది మూఢనమ్మకం. రంపపు పొట్టు కలపడం అంతకన్నా దారుణం. చప్పుడు కొన్నాళ్లు అణిగినట్టుంటుంది, అరుగుదల మాత్రం ఆగదు. చప్పుడు మనకు హెచ్చరిక, దాని నోరు నొక్కితే రేపు నడిరోడ్డు మీద చక్రం బిగుసుకుపోవచ్చు.

ఈ పరీక్షలన్నీ అయ్యాక కూడా పళ్ల మీదే అనుమానం నిలిస్తే అప్పుడు యాక్సిల్ కవర్ విప్పండి. నూనెలో వేళ్లకు అంటుకునే మెత్తటి బూడిదరంగు ముద్ద సహజమే, ఇనుప పెచ్చులు కనిపిస్తే కాదు. డయల్ గేజ్‌తో బ్యాక్‌లాష్, అంటే పళ్ల మధ్య సందు, కొలవాలి. పళ్లకు రంగు పూసి తిప్పి, అచ్చు పంటి మధ్యలో పడుతోందా అంచుకు జరిగిందా చూడాలి. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలో జతగా ఒరిపిడి పెట్టి తయారైనవి, అందుకే ఒకటి పాతది ఒకటి కొత్తది వేయకూడదు. కొత్త జత వేసినా షిమ్‌ల (సర్దుబాటు కోసం పెట్టే పల్చటి రేకుల) మందం సరిగ్గా కుదరకపోతే, లేని ఊళను కొని తెచ్చుకున్నట్టే. ఇంకో జాగ్రత్త. ట్రాక్షన్ లాక్ ఉన్న కారును ఒక్క చక్రమే లేపి ఇంజన్‌తో తిప్పకండి. నేల మీదున్న రెండో చక్రం కారును జాకీ మీంచి లాగేస్తుంది.

మీ కారు ఏ వేగం దగ్గర మోగుతోంది, పెడల్ వదిలితే ఏమవుతోంది, ఏ వైపు తిప్పితే పెరుగుతోంది? ఈ మూడూ కాగితం మీద రాసుకుని మెకానిక్ దగ్గరికి వెళ్లండి. వాటిని చూడకుండా, కారును రోడ్డు మీద నడిపి వినకుండా ‘క్రౌన్ మార్చాలి’ అనే చోట బండి ఇవ్వకండి.